చెన్నపట్టణము – లండను: దూర మొకటి, కాలము లనేకములు

మన భాషలో దూరమును చెప్పుటకు రెండు విధములైన మాటలు గలవు. ఆమడ, కోసు అనునవి నేలను కొలుచునవి. పూటదారి, మూడు మజిలీల త్రోవ, నెలనాళ్ళ ప్రయాణము అనునవి నేలను గాక నడచువాని కాలమును కొలుచునవి. మైళ్ళును కిలోమీటర్లును వచ్చిన పిమ్మట మొదటి తరగతి కొలతలే గ్రంథములకెక్కినవి. రెండవ తరగతి మాటలు జనుల నోళ్ళలో మాత్రము మిగిలినవి. చరిత్ర పరిశోధకునకు ఈ రెండింటిలో ఏది యెక్కువగా ఉపకరించును? చెన్నపట్టణము, లండను అను రెండు దూరనగరములను నిదర్శనముగా గైకొని ఈ ప్రశ్నను ఇచట పరిశీలింతుము.

ఈ నగరములనే యెన్నుకొనుటకు కారణము గలదు. ఉత్తర సర్కారులును దత్తమండలములును చిరకాలము చెన్నపట్టణమునుండి పాలింపబడినవి. ఆ చెన్నపట్టణము లండనునుండి పాలింపబడినది. తెలుగునాటి కరవులనుగూర్చి, కాలువలనుగూర్చి, తాళపత్ర గ్రంథములనుగూర్చి నేడు మనము చదువు ప్రభుత్వ పత్రములలో అనేకములు ఒక నగరమున వ్రాయబడి మరియొక నగరమున చదువబడినవే. వ్రాసిన దినమునకును చదివిన దినమునకును నడుమ ఎంత కాలము గడచినదో యెరుగక ఆ పత్రములను వ్యాఖ్యానించుట ప్రమాదకరము. మేమును పరిశోధనారంభ దశలో ఒక సంపుటమునందు ఒకే లేఖకు గల వ్రాసిన తేదీని, అందిన తేదీని చూచి, అవి రెండు వేర్వేరు లేఖలని భ్రమించి, లేని రెండవ లేఖకై కొన్ని వారములు వెదకితిమి. ఆ పొరపాటే ఈ పరిశీలనకు బీజమైనది.

ముందుగా మారని దానిని నిర్ణయింతము. భూగోళముపై చెన్నపట్టణమునకును లండనుకును గల మిక్కిలి దగ్గరి దారి, అనగా ఆకాశమార్గ దూరము, సుమారు 8,200 కిలోమీటర్లు. గోడకు వ్రేలాడు పటముపై ఈ రెండు నగరములను సూటియైన గీతతో కలిపినచో, ఆ గీత అరేబియా సముద్రమును దాటి, ఇరాకు మీదుగా, బాల్కను దేశముల దిక్కునకు పోవును. ఆ గీతయే దగ్గరి దారియని తలచుట సాధారణము. కాని బల్లపరుపైన కాగితముపై సూటిగా కనబడునది గుండ్రని భూమిపై సూటి కాదు. గోళాకృతియగు పటముపై ఒక దారమును బిగువుగా పట్టి చూచినచో, ఆ దారము దక్కనును, గుజరాతును, సింధును దాటి, ఇరానుమీదుగా ఉత్తరమునకు వంగి పోవును. మార్గమధ్యబిందువు కాస్పియను సముద్రముపై పడును! అటనుండి కాకససు ప్రాంతమును, నల్లసముద్రపు ఉత్తరతీరమును, ఉక్రెయిను, పోలెండు, జర్మనీ దేశములను దాటి లండను చేరును. చెన్నపట్టణమునుండి ఇంగ్లండునకు కాస్పియను సముద్రముమీదుగా పోవుట దగ్గరయని విద్యార్థులతో చెప్పినపుడు వారు నమ్మరు. గోళముపై దారము పట్టి చూపిన పిమ్మటనే నమ్ముదురు.

ఈ దారము 1600లో ఎంత పొడవో నేడును అంతే. దానిపై ప్రయాణింపగల్గిన వారెవరు, ఎప్పుడు, ఎంత వంకరగా, ఎన్ని దినములలో అను ప్రశ్నలకు సమాధానమే చరిత్ర.

ఓడల కాలము

పందొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దములలో లండనునుండి చెన్నపట్టణమునకు వచ్చు తెరచాప ఓడలకు ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టివచ్చుటయే రాజమార్గము. గాలి ననుసరించి అవి అట్లాంటికు సముద్రమున బ్రెజిలు దిక్కునకు పోయి, అచటనుండి పడమటిగాలుల నందుకొని తూర్పునకు మరలెడివి. ఈ విధముగా అవి నడచు దారి 20,000 కిలోమీటర్లకు పై బడి యుండెడిది. అనగా ఆకాశమార్గమునకు రెండున్నర రెట్ల దూరము. కాలము నాలుగు నుండి ఆరు మాసములు. తీరము చేరినను ప్రయాణము ముగిసినట్లు కాదు. చెన్నపట్టణమున నాడు కట్టిన రేవు లేదు. ఓడలు సముద్రములో లంగరు వేసి నిలువగా, ప్రయాణికులును సరకులును మసూలా పడవలపై అలల తాకిడిని దాటి ఒడ్డునకు రావలసియుండెడిది. అక్టోబరునుండి డిసెంబరు వరకు తుఫానుల భయముచే ఆ తీరమున ఓడలు నిలుచుటయే అపాయకరము. కావున దూరము ఒక్కటే యైనను సంవత్సరమున అన్ని మాసములందును కాలము ఒక్కటి కాదు.

తెలుగువారికి చిరస్మరణీయుడగు సి. పి. బ్రౌను 1817లో చెన్నపట్టణము చేరినది ఈ మార్గముననే. ఆ దినములలో ఇచటినుండి ఒక ప్రశ్న వ్రాసి పంపినవాడు, అవతలివారు అందిన దినముననే బదులు వ్రాసినను, ఎనిమిది మాసములకో సంవత్సరమునకో దానిని చూచెడివాడు. ప్రశ్న వేసిన అధికారి ఈలోగా బదిలీ కావచ్చును, మరణింపను వచ్చును. ప్రశ్నించిన విషయమే అంతరింపవచ్చును.

ఇందుకు నేలపై ప్రయాణమును పోల్చి చూచుట ఉచితము. సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి కాశీయాత్రకై 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. మజిలీ మజిలీకి గల దూరమును, ఊళ్ళ వసతులను ఆయన వ్రాసియుంచిన యాత్రాచరిత్ర 1838లో అచ్చయినది. చెన్నపట్టణమునుండి కాశికి ఆకాశమార్గమున 1,400 కిలోమీటర్లకు మించదు. త్రోవలో తీర్థసేవనమునకును మజిలీలయందు నిలుకడకును పోయిన దినములను మినహాయింపవలెను. అయినను ఆయన పోయి వచ్చిన పదునైదు మాసములలో ఒక ఓడ లండనునకు పోయి వచ్చి, మరల బయలుదేరి యుండవచ్చును. నాటి చెన్నపట్టణవాసికి కాశి దగ్గర, లండను దూరము అని మైళ్ళనుబట్టి మనము నిర్ణయించినచో నాటి మనుజుని అనుభవమునకు అన్యాయము చేసినవారమగుదుము.

ఈ కాలమునందే, నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు మండలమును మహాక్షామము పీడించెను. సుమారు అయిదు లక్షల జనసంఖ్యలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది వరకు మరణించిరని అంచనా. వర్షము తప్పినదని తెలిసిన దినముననే లండనునకు వ్రాసి అనుమతి కోరినను, ఆ బదులు వచ్చునప్పటికి మరుసటి వర్షకాలము ప్రవేశించెడిది. కనుక ఈ క్షామమున లండనునుండి సకాలమున ఉత్తరువు రాలేదని చెప్పుట సత్యమే గాని, అది దోషనిర్ణయము కాదు, కొలత మాత్రమే. కాలము ఇట్లుండుటచేతనే ఇచటి అధికారులకు తామే నిర్ణయించు బాధ్యత యుండెను. వారు చేసినదానికిని చేయనిదానికిని లండను దూరము సాకు కాజాలదు. దూరము ఒకరిని విముక్తుని జేయునపుడు మరియొకరిపై భారమును పెంచును.

ఆవిరి, కాలువ, తంతి

1830 మార్చి 20న బొంబాయినుండి బయలుదేరిన ‘హ్యూ లిండ్సే’ అను పొగయోడ ఏప్రిలు 22న సూయెజు చేరెను. ఈ ముప్పది మూడు దినములలో మూడవ వంతునకు పైగా బొగ్గు నింపుకొనుటకు నిలిచిన దినములే. ఆవిరియంత్రమునకు గాలితో పనిలేదు గాని బొగ్గుతో పని గలదు. అందుచే 1839లో ఆంగ్లేయులు ఏడెను రేవును ఆక్రమించిరి. వేగమునకు మజిలీ కావలెను. మజిలీకి నేల కావలెను. నేలకు రాజ్యాధికారము కావలెను. ఈ సూత్రమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. విమానముల కాలమునను ఇదే సూత్రము మరల కనబడును.

థామసు వాఘార్ను మొదలగువారి పూనికచే ఈజిప్టు నేలమార్గము స్థిరపడినది. అలెగ్జాండ్రియానుండి కైరోకు, కైరోనుండి ఎడారిగుండా సూయెజునకు ప్రయాణికులును టపాసంచులును నేలపై వచ్చి మరల ఓడ ఎక్కెడివారు. 1843నుండి సూయెజు – కలకత్తా పొగయోడలు చెన్నపట్టణమున ఆగుచు నడువసాగినవి. ఆరు మాసముల ప్రయాణము సుమారు నలుబదియైదు దినములకు తగ్గెను. బ్రౌను 1855లో ఈ దేశమును వీడునాటికి, ఆయన వచ్చిననాటి కాలములో నాలుగవ వంతునకే లండను చేరవచ్చును. ఆయన మైళ్ళ లెక్కలో వచ్చిన దేశమునకే తిరిగిపోయెను. దినముల లెక్కలో అది అదే దేశము కాదు.

ఈ కొలతతో గోదావరి ఆనకట్ట వృత్తాంతమును పరిశీలింతము. ఆర్థరు కాటను తొలి నివేదికను 1844లో సమర్పించెను. రెండవ నివేదిక 1845లోనిది. డైరెక్టర్ల అనుమతి లభించినది 1846 చివర. పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. నివేదికకును అనుమతికిని నడుమ రెండేండ్లకు పైగా గడచినవి. దీనికి లండను దూరమే కారణమని వ్రాయుట సులభము. కాని లెక్క చూడుడు: ఒక్కొక్క టపాకు నలుబదియైదు దినముల చొప్పున, మూడుమారులు ప్రశ్నోత్తరములు నడచినను, ఆరు టపాలకు రెండువందల డెబ్బది దినములు, అనగా తొమ్మిది మాసములే యగును. తక్కిన కాలము సముద్రముపై గడువలేదు. స్థలపరీక్షలందును, ఆలోచనలందును, బల్లలపైనను గడచినది. దానిలో కొంత న్యాయమైన జాగ్రత్త, కొంత కాలయాపన కావచ్చును. ఏది యెంతయో నిర్ణయింపవలెనన్న మొదట టపా కాలమును తీసివేయవలెను.

1869 నవంబరు 17న సూయెజు కాలువ తెరువబడెను. సముద్రమార్గము సుమారు 13,500 కిలోమీటర్లకు తగ్గినది. 1871లో బొంబాయినుండి వచ్చు రైలుదారియు చెన్నపట్టణమునుండి పోవు రైలుదారియు రాయచూరువద్ద కలిసినవి. అప్పటినుండి లండను టపా బొంబాయిలో దిగి, రాయచూరు, ఆదోని, గుంతకల్లు, గుత్తి, కడప మీదుగా రాయలసీమ నేలపై పరుగెత్తి చెన్నపట్టణము చేరుచుండెను. ఇంతకంటె ప్రధానమైన మార్పు మరియొకటి. 1865లో పారశీక సింధుశాఖ మార్గమున భారతదేశమునకు ఐరోపాతో తంతి సంబంధ మేర్పడినది. 1870లో సముద్రగర్భపు తీగయు, మెరుగైన నేలతీగయు వచ్చినవి. అంతవరకు వార్తయు మనుష్యుడును ఒకే ఓడలో ప్రయాణించుచుండిరి. ఇప్పుడు వార్త మనుష్యుని విడిచి ముందునకు పోయెను. మనుష్యునకు వారములు, వార్తకు గంటలు. ఈ దినమునుండి రెండు నగరముల నడుమ ‘కాలము’ అని ఏకవచనమున చెప్పుట పొసగదు.

ధాత నామ సంవత్సర క్షామము, అనగా 1876–78 నాటి కరవు, ఈ కొత్త కాలములో వచ్చినది. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు ఘోరముగా దెబ్బతినినవి. వానలు తప్పిన సంగతి లండనునకు మాసములమీద గాక గంటలమీద తెలియగలిగెను. బొంబాయి రైలుదారి కరవు నేల నడుమనుండియే పోవుచుండెను. అయినను, చెన్నపట్టణ ప్రభుత్వము ధాన్యము కొనగా, అది వర్తకమున జోక్యము చేసికొనుటయని భారత ప్రభుత్వము నిరాకరించెను. 1877 జనవరిలో పరిశీలనకై వచ్చిన సర్ రిచర్డు టెంపిలు కరవుపనులవారి కూలిని దినమునకొక పౌను ధాన్యమునకు సరిపోవునంతకు తగ్గించెను. లక్షోపలక్షలుగా జనులు మరణించిరి. నందన క్షామమున దూరము ఒక కారణము కాగలిగినది; ధాత క్షామమున అది కారణము కానేరదు. ఆజ్ఞ గంటలలో వచ్చినది. వచ్చిన ఆజ్ఞయే అట్టిది. నలుబదినాలుగు సంవత్సరముల యెడముగల ఈ రెండు క్షామములను ఒకే వాక్యమున చేర్చి, ‘పాలకులు దూరముననుండుటచే’ అని వ్రాయు అలవాటును పరిశోధకులు విడువవలెను.

విమానముల కాలము

తంతి వచ్చిన తరువాత అరువది సంవత్సరములు మనుష్యుడు వార్తకు వెనుకబడియే యుండెను. ఆ యెడమును తగ్గించినది విమానము.

1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో హెన్రీ పెకే అను ఫ్రెంచి వైమానికుడు టపాను విమానముపై యమున దాటించి నైనీకి కొనిపోయెను. ఆ దూరము పది కిలోమీటర్లకు మించదు. పదునెనిమిది సంవత్సరములకు, 1929 మార్చి 30న, లండనునుండి కరాచీకి క్రమబద్ధమైన విమానయానము ఆరంభమైనది. కాలము ఏడు దినములు. వెల నూట ముప్పది పౌనులు. కాని ఈ ‘విమానయానము’ పూర్తిగా విమానముపై జరుగలేదు. లండనునుండి స్విట్జర్లండులోని బాసెలు వరకు విమానము. అటనుండి ఇటలీలోని జెనోవా వరకు రైలు. జెనోవానుండి అలెగ్జాండ్రియాకు నీటిపై వ్రాలు విమానము. అలెగ్జాండ్రియానుండి కరాచీకి మరల నేలవిమానము. రాత్రులందు విమానము నడువలేదు. ప్రయాణికులు దిగి, భుజించి, నిద్రించి, తెల్లవారిన తరువాత మరల ఎక్కెడివారు. ఇరాకు ఎడారిలో రుత్బా బావులవద్ద నున్న కోటయే ఒక మజిలీ. వీరాస్వామయ్య పల్లకి ప్రయాణమునకును దీనికిని వేగమున పోలిక లేదు; పద్ధతిలో గలదు. పగలు ప్రయాణము, రాత్రి సత్రము!

దారి విషయమున రాజ్యాధికార సూత్రము ఇచట మరల గోచరించును. కరాచీకి వచ్చు విమానములు మొదట పారశీక సింధుశాఖకు ఉత్తరతీరమున పారశీక భూములపై ఆగుచుండెడివి. ఆ ప్రభుత్వము అనుమతిని కొనసాగింపమిచే 1932లో మార్గము దక్షిణమునకు, అరబ్బు తీరమునకు, మరలవలసివచ్చెను. షార్జా మజిలీ అట్లు ఏర్పడినదే. గోళముపై దారము కదలలేదు, విమానము కదలినది.

ఆ సంవత్సరముననే చెన్నపట్టణము ఈ మార్గమునకు ముడిపడినది. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా ఒక చిన్న ‘పుస్ మాతు’ విమానమున లండను టపాతో కరాచీనుండి బయలుదేరి, అహమ్మదాబాదున ఆగి, బొంబాయి చేరెను. అహమ్మదాబాదున పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిపై విమానమువద్దకు వచ్చినవి. బొంబాయినుండి నెవిల్ విన్సెంటు ఆ టపాను గైకొని బళ్ళారిలో రాత్రి గడపి, మరునాడు చెన్నపట్టణము చేరెను. కరాచీనుండి చెన్నపట్టణము వరకు దారి రెండువేల కిలోమీటర్లకు కొంచె మెక్కువ. విమానవేగము గంటకు సుమారు 160 కిలోమీటర్లు. ఎగిరిన కాలము పదుమూడు గంటలకు అటునిటు. పట్టిన కాలము రెండు దినములు. తరువాతి సంవత్సరములలో బళ్ళారికి మారుగా హైదరాబాదు ఈ మార్గమున మజిలీ అయినది. ధాత క్షామమున ధాన్యమునకై యెదురుచూచిన బళ్ళారి సీమలో, అరువది సంవత్సరములైనను నిండకముందే, లండను ఉత్తరములు ఆకాశమునుండి దిగినవి. ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన ఉంచి చూడనిదే వేగమను మాటకు పూర్తి యర్థము తెలియదు.

1948 జూను 8న ‘మలబారు ప్రిన్సెసు’ అను నాలుగు యంత్రముల విమానము బొంబాయినుండి బయలుదేరి, కైరో, జెనీవాలయందు ఆగి, లండను చేరెను. స్వతంత్ర భారతమునుండి ఐరోపాకు మన సంస్థ నడపిన తొలి క్రమబద్ధ విమానయాన మిది. వారము దినముల ప్రయాణము ఒక దినమునకు దిగెను. 1960లో బోయింగు 707 జెట్ విమానములు ఈ మార్గమున ప్రవేశించి గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగముతో నడచినవి. ఇచట ఒక విశేషమును గమనింపవలెను. 1929నుండి 1960 వరకు ముప్పదియొక్క సంవత్సరములలో వారము దినములు ఒక దినములోపలికి కుదించుకొనిపోయినవి. 1960నుండి నేటివరకు సాధారణ ప్రయాణవిమానముల వేగము పెరుగలేదు. ధ్వనివేగమును మించిన కాంకార్డు విమానము 1976 జనవరి 21న లండనునుండి బహ్రేనుకు నడువసాగినను, తన భూమిపై ఆ వేగమున ఎగురుటకు భారతదేశము అనుమతింపలేదు. 2003లో ఆ విమానములే విరమింపబడినవి. నేడు చెన్నపట్టణమునుండి లండనుకు ఎచటను దిగక పోవు విమానమునకు పదునొకండు గంటలు, లండనునుండి ఇటు వచ్చుటకు పది గంటలు సుమారుగా పట్టుచున్నవి. గత అరువది సంవత్సరములలో తగ్గినది వేగముచేత కాదు, మజిలీలు తొలగుటచేత.

కాలపట్టికను చదువు విధము

దూరమును వేగముచే భాగించిన 8,200 కిలోమీటర్లకు తొమ్మిది గంటలకు కొంచె మెక్కువ రావలెను. పదునొకండు గంటలు ఏల? విమానాశ్రయమున నేలపై నడచుట, పైకెక్కుట, దిగుట ఇందు చేరును. ఎత్తైన గగనతలమున పడమరనుండి తూర్పునకు వీచు ప్రబలవాయువులు పోవునపుడు ఎదురై, వచ్చునపుడు తోడగును. మిగిలినది దారివంపు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయినుపై యుద్ధము సాగగా ఆ గగనతలము ప్రయాణవిమానములకు మూయబడినది. 2019లో కొన్ని మాసములు పాకిస్తాను గగనతలమును అట్లే మూతపడియుండెను. చెన్నపట్టణమునుండి లండనుకు గల దారము ఈ రెండు దేశములపైనుండియే పోవుచున్నదని పైన చెప్పితిమి. 1932లో పారశీకము, 2022లో ఉక్రెయిను – కారణములు వేరు, ఫలము ఒక్కటే. భూమిపై దగ్గరి దారి ఎప్పుడును రాజ్యముల అనుమతితోనే దగ్గరి దారి.

గడియారము వలన కలుగు భ్రాంతి మరియొకటి. కాలపట్టికలయందు బయలుదేరు వేళ బయలుదేరు ఊరిది. చేరు వేళ చేరు ఊరిది. చలికాలమున చెన్నపట్టణమునుండి ఉదయము 6 గంటలకు బయలుదేరిన విమానము అదే దినము 11.30కు లండను చేరినదనుకొందము. అంకెలనుబట్టి ప్రయాణము అయిదున్నర గంటలు. లండను మనకు అయిదున్నర గంటలు వెనుకబడియుండుటచే నిజమైన కాలము పదునొకండు గంటలు. మధ్యాహ్నము 1 గంటకు లండనులో బయలుదేరినది మరునాడు తెల్లవారుజామున 4.30కు ఇచట దిగును. అంకెలు పదునైదున్నర గంటలు చూపును. నిజము పది గంటలే. వేసవిలో ఇంగ్లండువారు గడియారమును ఒక గంట ముందునకు జరుపుటచే ఈ భేదము నాలుగున్నర గంటలగును. పాత తంతివార్తలను పరిశీలించువారు ఇంకొక విషయమును ఎరుగవలెను. భారత ప్రామాణిక కాలము 1906 జనవరి 1న ఏర్పడినది. అంతకుముందు రైళ్ళకు ప్రమాణమైన మద్రాసు కాలము లండనుకు 5 గంటల 21 నిమిషములు ముందుండెడిది. తంతివార్త పంపిన వేళకంటె అందిన వేళ ముందుగా కనబడుట పత్రదోషము కాదు, భూభ్రమణ ఫలము.

ఉపసంహారము

ఒక్కసారి లెక్కను కూర్చి చూతము. 1817లో సుమారు నూటయేబది దినములు. 1850 ప్రాంతమున నలుబదియైదు. 1932లో తొమ్మిది దినములకు అటునిటు. నేడు పదునొకండు గంటలు. నూటయేబది దినములు మూడువేల ఆరువందల గంటలు. అనగా కాలము మూడువందల రెట్లకు పైగా తగ్గినది. దూరము ఒక్క అంగుళమైనను తగ్గలేదు.

పరిశోధక విద్యార్థులకు మేము విన్నవించునది మూడు మాటలు. మొదటిది: ఏ పత్రమునందైనను వ్రాసిన తేదీని, అందిన తేదీని వేర్వేరుగా గుర్తింపుడు, నడుమ గడచిన కాలమును నాటి మార్గముతో సరిచూడుడు. రెండవది: మనుష్యుని కాలమును వార్త కాలమును కలుపకుడు, 1865 తరువాత అవి రెండును వేరు. మూడవది: ఆలస్యమును దూరముపై మోపుటకు ముందు దూరమునకు చెందవలసిన దినములను ఖచ్చితముగా లెక్కించి దానికి ఇచ్చివేయుడు. మిగిలిన దినములు మనుష్యులవి. వాటికి మనుష్యులే సమాధానము చెప్పవలెను.

నందన క్షామమున మరణించినవారికిని, ధాత క్షామమున మరణించినవారికిని మనమిపుడు చేయగల ఉపకారము వేరొండు లేదు. వారి మరణకారణములను సరిగా వ్రాయుట యొక్కటియే మన వశమున నున్నది. అట్లు వ్రాయుటకు మైళ్ళపట్టిక చాలదు. పూటదారి, నెలనాళ్ళ ప్రయాణము అని మన పెద్దలు వాడిన కొలత, పామరుల మాటగా త్రోసివేయదగినది కాదు; చరిత్రకారుని చేతిలో నుండవలసిన కొలత అదియే.